ఊళ్లో క్లినిక్ ఉంది, సిస్టర్ ఉంది... ఆడవాళ్లకు వైద్యం అందుతోందా? నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి

#1 వింజమూరు_అమ్మాయి

అందరికీ నమస్తే. నేను నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ ఫైనలియర్ చదువుతున్నా, మాది వింజమూరు దగ్గర పల్లె. ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఎంఎల్‌హెచ్‌పీ పోస్టులు (ఊరి క్లినిక్ చూసుకునే నర్సు ఉద్యోగాలు) పడితే రాయి, ఇంటికి దగ్గరగా ఉంటావు అని నాన్న. జర్మనీ పో, భాష నేర్చుకో అని అన్న. ముందు చెన్నైలో ఏదైనా పెద్దాసుపత్రిలో ఐసీయూ చేయి, తర్వాత చూద్దువు అని ఫ్రెండ్స్.

జీతం సంగతి ఎవర్నడిగినా చెప్తారు. నాకు తెలియాల్సింది పని గురించి. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక సబ్‌సెంటర్లు వెల్‌నెస్ సెంటర్లు అయ్యాయి, మన దగ్గర విలేజ్ హెల్త్ క్లినిక్‌లు అన్నారు, 2023లో ఫ్యామిలీ డాక్టర్ అన్నారు, వీటన్నిట్లో నర్సుదే పెద్ద పాత్ర అని క్లాసులో చెప్తారు. కమ్యూనిటీ పోస్టింగుకి పోతే అక్కడ సిస్టర్ ఒక చేత్తో ఫోన్లో ఏదో ఎక్కిస్తూ ఇంకో చేత్తో బీపీ బిళ్ళలు ఇస్తోంది. ఒకామె ఏదో చెప్పాలని వచ్చింది, అక్కడ ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉండేసరికి తలనొప్పి బిళ్ళ అడిగి తీసుకుని వెళ్లిపోయింది. ఆమె దేనికొచ్చిందో ఎవరూ అడగలేదు.

పనిచేసేవాళ్లు, క్లినిక్‌కి పోయేవాళ్లు ఇద్దరూ చెప్పండి. ఈ మార్పుల వల్ల ఆడవాళ్లకు నిజంగా ఏమన్నా ఒరిగిందా?

#2 కావలి_సుబ్బు

ఒరిగింది తల్లీ, బిల్డింగు కాంట్రాక్టర్లకు. రంగులు మారాయి, బోర్డులు మారాయి, ప్రభుత్వం మారితే మళ్లీ మారతాయి. మా వీధిలో ఆడవాళ్లెవరూ అక్కడికి పోవడం నేను చూళ్లేదు. జ్వరమొస్తే ఆర్ఎంపీ, కాన్పుకి ప్రైవేటు, అంతే. జర్మనీ పో హాయిగా.

#3 ఉదయగిరి_సిస్టర్

సుబ్బన్నా, కావలి టౌన్లో కూర్చుని చూస్తే అట్టాగే కనపడుద్ది. మీకు వీధికో ఆసుపత్రి ఉంటుంది. మా సైడు రండి. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు, సీతారామపురం వాళ్లకైతే ఇంకా దూరం. ఒక ఆడమనిషి నెల్లూరు పోయి రావాలంటే ఒక రోజు కూలి, చార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి, ఇంట్లో గేదెను ఎవరు చూస్తారన్న గొడవ, ఇవన్నీ దాటాకే డాక్టర్ ఫీజు సంగతి.

నేను ఎంఎల్‌హెచ్‌పీగానే చేస్తున్నా, ఊరి పేరు చెప్పను. అమ్మాయ్, నువ్వు చూసింది నిజమే, కాదనను. అయితే అది సగమే. ఇంతకుముందు సబ్‌సెంటర్ అంటే టీకాలు, గర్భిణులు, కుటుంబ నియంత్రణ. ఆడమనిషికి పిల్లలు పుట్టడం ఆగిపోయాక ఆమెతో ఎవరికీ పనిలేదు. నలభై ఏళ్లామెకు బీపీ ఉందో షుగరు ఉందో అడిగే మనిషి ఊళ్లో లేడు. ఇప్పుడు రూల్ ప్రకారం క్లినిక్‌లో 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు ఉండాలి, నెలకు రెండుసార్లు 104 బండిలో డాక్టర్ రావాలి. అన్ని మందులూ ఎప్పుడూ ఉంటాయని చెప్పను కానీ బీపీ, షుగరు బిళ్ళలకు మాత్రం మా ఊరి ఆడవాళ్లు టౌనుకి పోవడం చాలా తగ్గింది. వాళ్లు అసలు మందు మానేసేది డబ్బుల్లేక కాదు, బస్సెక్కే తీరిక లేక.

ఇక నిజమైన కష్టం ఎక్కడంటే, నేను బీఎస్సీ నర్సును, కమ్యూనిటీ హెల్త్ ట్రైనింగు చేశాను, అయినా బీపీ మందు మొదటిసారి మొదలుపెట్టాలంటే డాక్టర్ రాయాలి, ఆ తర్వాత నెలనెలా ఇవ్వడం మా పని. అది సబబే, నాకు గొడవ లేదు. డాక్టర్ లేని రోజున ఈ-సంజీవనిలో, అంటే సర్కారు ఫోన్ వైద్యంలో, వీడియో కాల్ చేస్తాం. అటువైపు ఎక్కువసార్లు మగ డాక్టరు, ఫోను స్పీకర్లో ఉంటుంది, పక్క గదిలో జనం ఉంటారు. తెల్లబట్ట అవుతోందనీ కాపురంలో నొప్పి అనీ ఆమె ఎట్టా చెప్తుంది? "నీరసంగా ఉంది సార్" అంటుంది. సారు బలం బిళ్ళలు రాస్తారు. కాల్ కట్టయ్యాక నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్తుంది. అప్పుడు మళ్లీ కాల్ చేసి నేను చెప్పాలి. ఈలోపు టార్గెట్ లెక్కలో రెండు కాల్సు చూపించుకోవచ్చులే, అదొక లాభం 😀

తలుపు గడియ పడే ఒక గది, ఒక తెర, నీళ్లొచ్చే బాత్రూము. ఇవి లేనిచోట గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయమంటే ఎట్టా చేస్తాం.

#4 కందుకూరు_పెద్దమ్మ

నేను ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. మా కాలం సంగతి నాలుగు ముక్కలు చెప్తా, చిన్నపిల్లలకు తెలియాలి.

మేము చేరినప్పుడు మా ఉద్యోగమంటే కేసులు పట్టడమే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు టార్గెట్టు ఉండేది, మార్చి నెల వస్తే మాకు నిద్ర ఉండేది కాదు, ఇల్లిల్లూ తిరిగి బాలింతలను బతిమాలుకునేవాళ్లం. 1996లో కేంద్రం టార్గెట్లు ఎత్తేశామంది. మరుసటి ఏడాదే మన రాష్ట్రం సొంతంగా జనాభా విధానం తెచ్చింది, ఆపరేషన్ల ఒత్తిడి మళ్లీ మొదలు. ఫలితం చూడండి, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో 69.6 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల లెక్క అడగొద్దు, చెప్పుకుంటే సిగ్గు. ఇప్పుడేమో పిల్లల్ని ఎక్కువ కనండి అంటున్నారు, ఇద్దరు మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న రూలు కూడా 2024లో ఎత్తేశారు. పైవాళ్ల మాట ఎటు తిరిగినా ఆడదాని గడప దగ్గర నిలబడి చెప్పాల్సింది మాత్రం మేమే.

మంచి కూడా చెప్పాలి. మేము చేరిన రోజుల్లో కాన్పు తర్వాత రక్తం పోతుంటే మేము చేయగలిగింది తక్కువ, ఇంజెక్షన్ ఇచ్చే అధికారం కాగితం మీద మాకు లేదు. బండి కోసం చూడటమే. 2005 తర్వాత రూలు మారింది. ట్రైనింగు అయిన ఏఎన్ఎం, స్టాఫ్ నర్సు ఆక్సిటోసిన్ ఇవ్వొచ్చు, గుర్రపువాతం వచ్చి ఫిట్స్ పడితే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు, ఒక్కో పిర్రకు 5 గ్రాములు, ఇచ్చి మరీ పంపొచ్చు అన్నారు. 2005లోనే 108, ఆశాలు, జననీ సురక్ష. నన్నడిగితే ఈ బోర్డులు రంగులన్నిటికంటే ఆ ఒక్క రూలే ఎక్కువ ప్రాణాలు కాపాడింది. నర్సు చేతికి సూది ఇచ్చి, నువ్వు చేయగలవని చెప్పడం.

సుబ్బయ్యా, ఆర్ఎంపీ దగ్గరికి ఆడవాళ్లు ఎందుకు పోతారో ఒకసారి కనుక్కో నాయనా. రాత్రి ఎనిమిదికి కూడా ఉంటాడు, అందుకు.

#5 పామూరు_కోడలు

పెద్దమ్మ చివర చెప్పిందే నా మాట కూడా. మాది పామూరు మండలం, మేమిద్దరం బెంగళూరులో పని. కాన్పుకి అత్తగారింటికి వచ్చా. ఇక్కడ ఆశమ్మ, ఏఎన్ఎమ్మ ఇద్దరూ మంచోళ్లు, వచ్చిన వారానికే కార్డు రాశారు. మరి బెంగళూరులో చేయించుకున్న స్కానింగులు, రక్తపరీక్షలు వాళ్ల ఫోన్లో కనపడవు, అక్కడి నంబరు వేరు అంటారు. దేశమంతా ఒకే హెల్త్ ఐడీ అని చెప్పి ఆధార్‌తో చేయించారు కదా, అది దేనికి పనికొచ్చిందో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. అన్నీ మళ్లీ చేయించుకున్నా.

ప్రతినెలా తొమ్మిదో తారీకున గర్భిణులకు డాక్టర్ పరీక్ష ఉంటుంది కదా, ఆ రోజు పీహెచ్‌సీలో కూర్చునే చోటు ఉండదు. తొమ్మిదో నెల పొట్టతో రెండు గంటలు నిలబడ్డ. డాక్టరమ్మ బాగానే చూసింది, రక్తం తక్కువని చెప్పి సెలైన్లో ఐరన్ పెట్టించింది. కాన్పు మాత్రం ప్రైవేటులో అయింది, రాత్రిపూట నొప్పులొచ్చాయి, మా ఆయన రిస్కు తీసుకోనన్నాడు. ఆపరేషన్ చేశారు. ఎందుకంటే ఉమ్మనీరు తగ్గిందన్నారు. నిజమో కాదో నాకేం తెలుసు. బిల్లుకి నగలు బ్యాంకులో పెట్టాం.

తర్వాత తెలిసింది, ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే ఇంటిదాకా తల్లీబిడ్డ బండిలో దింపుతారని.

#6 కావలి_సుబ్బు

చూశారా, నేను చెప్పింది అదే కదా. ఆ తొమ్మిదో తారీకు వగైరా అంతా ఫొటోల కోసం. రాత్రి నొప్పులొస్తే ఎవరుంటారు? ఇది ఫలానా పార్టీ వచ్చాక

(మిగతా భాగం తీసేశాం. పార్టీల గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ రాసుకోండి. నిర్వాహకులు)

#7 ఒంగోలు_మెడికో

పామూరు అక్కా, ఉమ్మనీరు తగ్గడం నిజంగానే ఒక కారణమే, మీ కేసు కాగితాలు చూడకుండా తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేరు. మొత్తం లెక్క చూస్తే మాత్రం అనుమానం రాక తప్పదు. పెద్దమ్మ చెప్పిన సర్వేలోనే మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో సగానికి పైగా ఆపరేషన్లే. జనాభా లెక్కన చూస్తే 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు ఆధారం లేదని డబ్ల్యూహెచ్‌వో 2015లోనే చెప్పింది. ఇందులో డాక్టర్ల తప్పు లేదనను, మంచి రోజు చూసి ముహూర్తానికి బిడ్డ బయటికి రావాలని పంచాంగం పట్టుకొచ్చే ఇళ్లు కూడా మా ఒంగోల్లో తక్కువేం కాదు.

దీనికి నర్సులకు సంబంధం ఏంటంటారా? నొప్పులు పడుతున్న ఆమె పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. ఆరేడు గంటలు, కొన్నిసార్లు రాత్రంతా. డాక్టర్ నిలబడలేడు, ఆపరేషన్ అయితే గంటలో అయిపోతుంది. నిలబడేది నర్సే. 2018 చివర్లో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది, నర్సులకు పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి, ఇబ్బంది లేని కాన్పులు వాళ్ల చేతుల మీదుగానే చేయించాలని. పక్క రాష్ట్రం తెలంగాణ అంతకుముందే కరీంనగర్‌లో మొదలుపెట్టింది, అదే సర్వేలో 60 శాతం సిజేరియన్లు తేలిన రాష్ట్రం కదా, వాళ్లకు అవసరం కూడా ఎక్కువ. మన దగ్గర లేబర్ రూములో అట్టా ట్రైనింగు అయిన మనిషి నాకింతవరకు ఎదురుపడలేదు.

ఇంకొకటి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఎవరైనా నైట్ డ్యూటీలో ఏదైనా గైనిక్ వార్డుకి వెళ్లి లెక్కపెట్టి రండి.

ఉదయగిరి సిస్టర్‌తో ఒక్క విషయంలో మాత్రం నేను ఏకీభవించను. నర్సులకు మందులు రాసే అధికారం పెంచమంటున్నారు చాలామంది. తెల్లబట్ట అంటే అన్నిసార్లూ ఇన్ఫెక్షనే కాదు. ఇన్ఫెక్షన్ కోసం రెడీగా ఉండే కిట్టు మందు ఇచ్చి పంపితే లోపల ఉన్న క్యాన్సర్ ఆరు నెలలు ఆలస్యమవుతుంది. అలాంటివి చివరికి మా దగ్గరికే వస్తాయి.

#8 ఉదయగిరి_సిస్టర్

మెడికో బాబూ, నేను అధికారం పెంచమని అడగలేదు, పైన మళ్లీ చదువు. నేనడిగింది గది, తెర, నీళ్లు.

సరే నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నా. తెల్లబట్ట అని వస్తే మేము ఊరికే కిట్టు ఇచ్చి పంపం, 30 దాటిన ప్రతి ఆడమనిషికి ఐదేళ్లకోసారి వీఐఏ, అంటే గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష, చేయాలి. పలచటి ఎసిటిక్ యాసిడ్ పూసి నిమిషం ఆగి చూస్తే తేడా ఉన్నచోట తెల్లమచ్చ కనపడుద్ది. కనపడితే పైకి పంపాలి. 2024 నవంబరు నుంచి ఇంటింటి క్యాన్సర్ సర్వే కూడా మేమే చేస్తున్నాం, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. నోరు చూపిస్తారు. రొమ్ము గురించి అడిగితే నవ్వుతారు. మూడోదాని గురించి అడిగితే "నాకేం రోగం లేదు పోమ్మా" అంటారు. ఒకసారి అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి అన్నారు, ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే అనుకుంటా.

నేను పైకి పంపినవాళ్లలో సగం మంది ఆగిపోతారు. మీ దగ్గరికి ఆలస్యంగా వచ్చేది మేము కిట్టు ఇచ్చినందుకు కాదు బాబూ, మేము రాసిచ్చిన చీటీ ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయినందుకు. చీటీతో పాటు ఎవరన్నా తోడు పోవాలి. ఆశమ్మ పోతుంది, మరి ఆమెకు పదివేల పారితోషికంలో ఎన్ని పనులు? ఆశాలకే 2025 వరకు ప్రసూతి సెలవు ఉండేది కాదు, తెలుసా? ఊళ్లోవాళ్ల కాన్పులకు తోడు పోయే మనిషికి తన కాన్పుకి జీతంతో సెలవు లేదు. ఇప్పుడు రెండు కాన్పులకు 180 రోజులు ఇస్తామన్నారు, సంతోషం.

#9 ఒంగోలు_మెడికో

ఒప్పుకుంటా అక్కా, చీటీ బీరువాలో ఉండిపోవడం నేనూ చూశా. ఏడాది పాత చీటీతో వచ్చినవాళ్లున్నారు.

#10 కొండపి_రమణమ్మ_కూతురు

మా అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పోతుంది. పొద్దున చీకటితో పోతే సాయంత్రానికి వస్తుంది. క్లినిక్ తెరిచేది ఆమె పోయాక, మూసేది ఆమె వచ్చేలోపు. సిస్టర్ మంచిది, మందులున్నాయి, అన్నీ నిజమే. మా అమ్మకి మాత్రం ఆ క్లినిక్ ఆదివారం మూసి ఉన్నప్పుడే కనపడుతుంది. సీజన్లో ఒకరోజు మానుకుంటే కూలి పోవడమే కాదు, మేస్త్రి మరుసటి రోజు వేరేవాళ్లను పిలుస్తాడు. వారానికి రెండు రోజులైనా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పెడితే చాలు. దీనికి ఏ కేంద్ర పథకం అక్కర్లేదు కదా?

#11 ఉదయగిరి_సిస్టర్

మంచి మాట. కానీ రాత్రి ఎనిమిదికి మూసి ఊరి చివర క్లినిక్ నుంచి బస్టాండుకి నేను ఒంటరిగా నడవాలి కదమ్మా, ఆ సంగతి కూడా ఎవరన్నా ఆలోచించాలి. క్వార్టర్స్ ఉంటే నేను రెడీ.

#12 డల్లాస్_బుచ్చి

చాలా రోజుల తర్వాత ఈ చర్చ చూసి రాయాలనిపించింది. మాది బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరులోనే నర్సింగ్ చదివి ఇక్కడికొచ్చి తర్వాత నర్స్ ప్రాక్టీషనర్ (రోగుల్ని చూసి మందులు రాసే నర్సు) చేశా, ఆడవాళ్ల క్లినిక్‌లో పని. అమెరికాలో అన్నీ బాగుంటాయనుకునే వాళ్ల కోసం కొంచెం రాస్తా.

2010లో ఒబామా సంతకం పెట్టిన చట్టానికి ముందు ఇక్కడ సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ఆడవాళ్ల దగ్గర మగవాళ్లకంటే ఎక్కువ ప్రీమియం తీసుకునేవాళ్లు. గర్భం ఉంటే ముందే ఉన్న జబ్బు కింద లెక్కగట్టి పాలసీ ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. చాలా పాలసీల్లో కాన్పు ఖర్చే ఉండేది కాదు. ఆ చట్టం ఇవన్నీ ఆపింది, కాన్పును తప్పనిసరి చేసింది, క్యాన్సర్ స్క్రీనింగు లాంటివి, 2012 ఆగస్టు నుంచి గర్భనిరోధకాలు కూడా చేతి నుంచి పైసా పెట్టకుండా దొరికేలా చేసింది. క్లినిక్‌కి వచ్చేవాళ్లు పెరిగారు, డాక్టర్లు ఆ మేరకు పెరగలేదు, దాంతో మాలాంటి నర్సులకు గిరాకీ పెరిగింది.

మరి అధికారం? అది రాష్ట్రాన్ని బట్టి. మా టెక్సాస్‌లో నేను మందు రాయాలంటే ఒక డాక్టర్‌తో ఒప్పందం రాసుకుని ఉండాలి. సరిహద్దు దాటి న్యూ మెక్సికో పోతే అదే చదువుకి, అదే లైసెన్సు పరీక్షకి ఆ ఒప్పందం అక్కర్లేదు. పేదవాళ్లకు సర్కారు ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌ను ఆ చట్టం కింద విస్తరించని రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి, కాబట్టి తక్కువ జీతం వచ్చే ఆడవాళ్లు చాలామంది ఏ కార్డూ లేకుండానే వస్తారు. గర్భం వస్తే మెడికెయిడ్ దొరుకుతుంది, అది కూడా కాన్పయిన రెండు నెలలకే ఆగిపోయేది, 2024 నుంచి ఏడాది చేశారు. పల్లెల్లో ప్రసూతి వార్డులు మూతపడుతున్నాయి, ఇన్సూరెన్స్ కార్డు చేతిలో పెట్టుకుని కాన్పుకి గంటన్నర కారులో పోయే ఆడవాళ్లను నేను చూస్తున్నా.

ఇంటికి ఫోన్ చేస్తే మా పిన్నమ్మ కూడా అదే అంటుంది. సర్కారు ఆరోగ్య కార్డు ఉంది, 25 లక్షల దాకా ఉచితమట, మరి 2025 అక్టోబరులో బకాయిల గొడవతో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడు ఆ కార్డు ఎవరికి చూపించాలి అని.

#13 కావలి_సుబ్బు

సరే అక్కా, సరే సిస్టరమ్మా. నేను టౌను వాణ్ని, ఒప్పుకుంటున్నా. ఒక్క ప్రశ్న. ఇంత చదివి ఇంత చేసే ఎంఎల్‌హెచ్‌పీలకు కాంట్రాక్టు ఉద్యోగమేంటి?

#14 ఉదయగిరి_సిస్టర్

అది అడిగావు చూడు అన్నా! కేంద్రం మార్గదర్శకాల్లో నెలకు 25 వేలు, పనిని బట్టి 15 వేల దాకా ఇన్సెంటివ్ అని ఉంది. ఆ "పనిని బట్టి" అన్న రెండు ముక్కల్లోనే అంతా ఉంది. ఎన్ని ఎంట్రీలు, ఎన్ని కాల్సు, ఎంతమందికి స్క్రీనింగు అని లెక్క. ఒకామె గంటసేపు కూర్చుని ఏడ్చి, ఇంట్లో కొడుతున్నాడని చెప్పి, కొంచెం తేలికపడి పోతే అది ఏ కాలమ్‌లో వేయాలి? 2025 వేసవిలో రాష్ట్రమంతా సమ్మె చేశాం, జీతం 23 శాతం పెంచమని, ఆరేళ్లు నిండినవాళ్లను రెగ్యులర్ చేయమని. అన్నాళ్లూ క్లినిక్ మూసి ఉంటే ఊళ్లో ఆడవాళ్లే వచ్చి "ఎప్పుడు తెరుస్తావమ్మా, బిళ్ళలు అయిపోయాయి" అని అడిగారు. అంత బాధలోనూ సంతోషమేసింది, మనతో పని ఉందన్నమాట అని.

అమ్మాయ్, ప్రైవేటులో బాగుంటుందనుకోకు. యాభై పడకలలోపు ఆసుపత్రిలో కూడా నర్సుకి 20 వేలకు తగ్గకూడదని సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. మీ సీనియర్లను అడుగు ఎంతిస్తున్నారో.

#15 కందుకూరు_పెద్దమ్మ

ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతా. గర్భసంచి. మన రాష్ట్రంలో నలభై తొమ్మిదేళ్లలోపు ఆడవాళ్లలో దాదాపు తొమ్మిది శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశం మొత్తంలో మనదే ఎక్కువ. పొలం పనికి పోయే ముప్పై అయిదేళ్ల మనిషికి నెలసరి ఎక్కువైందనో తెల్లబట్టనో వెళ్తే, "పిల్లలు అయిపోయారుగా, ఇంకెందుకు, తీసేద్దాం, లేకపోతే క్యాన్సరొస్తుంది" అని భయపెట్టడం. ఆమె కూడా నెలకు నాలుగు రోజుల గోల పోతుందనుకుంటుంది. ఆ తర్వాత నడుము నొప్పులు, ఒళ్లంతా ఆవిర్లు, నలభైకే ముసలితనం. 2023లో సుప్రీంకోర్టు కూడా అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని తప్పుపట్టి, రాష్ట్రాలన్నీ మార్గదర్శకాలు అమలు చేయాలంది.

నా ఉద్యోగంలో నేను ఎక్కువ బాధపడింది దీనికే. టీకా వేయడానికి మాకు రిజిస్టరు ఉంది, కాన్పుకి రిజిస్టరు ఉంది. "అమ్మా, తొందరపడొద్దు, ఇంకొక డాక్టర్‌ని అడుగు" అని చెప్పడానికి రిజిస్టరూ లేదు, సమయమూ ఇవ్వలేదు. ఇప్పటి పిల్లలకు ఆ అవకాశం ఉంది, ఊళ్లోనే ఒక బీఎస్సీ నర్సు కూర్చుని ఉంది. ఆమెను ఫోను నుంచి తల ఎత్తనిస్తే.

#16 అల్లూరు_వెంకట్

పెద్దమ్మా, మీరు రాసింది చదివి ఆగలేక అడుగుతున్నా, ఎవరన్నా వెంటనే చెప్పండి. మా అమ్మకి 44. రెండు మూడు నెలలుగా రక్తం ఎక్కువ పోతోంది, మధ్యలో కూడా కనపడుతోందట, నాకు చెప్పలేదు, మా ఆవిడకి చెప్పింది. ఊళ్లో ఆర్ఎంపీ ఆయన నెల్లూరులో తెలిసిన ఆసుపత్రి ఉంది, వచ్చే వారం గర్భసంచి తీయిస్తే సరి, తక్కువలో మాట్లాడతా అన్నాడు. అమ్మ రొయ్యల కంపెనీలో పనికి పోతుంది, నిలబడే పని. చేయించాలా వద్దా?

#17 ఉదయగిరి_సిస్టర్

వెంకట్, తమ్ముడూ, చేయించాలా వద్దా అని ఇక్కడెవరం చెప్పకూడదు, పరీక్షలు లేకుండా వచ్చే వారమే ఆపరేషన్ అన్నవాళ్ల మాట మాత్రం వినొద్దు. ముందు ఇవి చేయించు. హిమోగ్లోబిన్, మీ ఊరి క్లినిక్‌లోనే చేస్తారు, రక్తం బాగా తగ్గి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. థైరాయిడ్. పొట్ట స్కానింగు. నెలసరి మధ్యలో కూడా రక్తం కనపడుతోంది అన్నావు కాబట్టి లోపల డాక్టరమ్మ చూడాలి, వీఐఏ లేదా పాప్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) చేయాలి, వయసు నలభై దాటింది కాబట్టి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపమని కూడా అనొచ్చు, భయపడొద్దు. కారణం గడ్డలా, హార్మోన్లా, ఇంకేమన్నానా తెలిశాక మందులతో తగ్గేవి చాలా ఉన్నాయి. బిళ్ళలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ సాధనం ఉంది. నిజంగా తీయాల్సి వస్తే తీయిస్తారు, అప్పుడు ఎందుకో మీకు తెలిసి ఉంటుంది.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా వారం ఆగొద్దు, 108 పిలువు.

#18 ఒంగోలు_మెడికో

సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను కలిపేది ఒక్కటే, నెల్లూరు పెద్దాసుపత్రి గైనిక్ ఓపీకి పొద్దున్నే పోండి, పాత కాగితాలన్నీ తీసుకెళ్లండి. అమ్మ రక్తం పలచబడే మందులేమన్నా వాడుతున్నారా, గుండెకి వేసుకునేవి? వాడుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మానేయొద్దు, చెప్పండి.

#19 అల్లూరు_వెంకట్

లేదు డాక్టర్ గారూ, షుగరు బిళ్ళ ఒక్కటే. క్లినిక్ సిస్టర్ దగ్గర రక్తపరీక్షకి మా ఆవిడ రేపు తీసుకెళ్తుంది. అమ్మ ఏమంటోందంటే మగ డాక్టరయితే రానంటోంది.

#20 ఉదయగిరి_సిస్టర్

గైనిక్ ఓపీలో డాక్టరమ్మనే అడగండి, అడిగే హక్కు ఆమెకుంది. మీ ఆవిడను లోపలికి తోడు ఉండనివ్వమనండి. నువ్వు బయట కూర్చో తమ్ముడూ.

#21 వింజమూరు_అమ్మాయి

అన్నీ చదివా. అన్నకి ఈ చర్చ పంపించా, వాడు మాత్రం జర్మనీ వీడియో ఇంకొకటి పంపాడు. నోటిఫికేషన్ పడితే రాస్తా. ఉదయగిరి అక్కా, వీఐఏ ట్రైనింగు ఉద్యోగంలో చేరాక ఇస్తారా, లేక ఇప్పుడే మా కాలేజీ పోస్టింగులో నేర్చుకుని రావాలా? మా బ్యాచ్‌లో ఎవరమూ ఒక్కటి కూడా చెయ్యలేదు, చూశామంతే.

#22 ఉదయగిరి_సిస్టర్

చేరాక ఇస్తారు. కానీ ఇప్పుడే గైనిక్ పోస్టింగులో మేడమ్‌ని అడిగి పక్కన నిలబడు, వీలైతే చేయనివ్వమను. ట్రైనింగులో బొమ్మ మీద చేయడం వేరు, సిగ్గుతో కాళ్లు దగ్గరికి లాక్కునే మనిషికి చేయడం వేరు. ముందు ఆమెతో మాట్లాడటం నేర్చుకో, పరికరం తర్వాత.

#23 కొండపి_రమణమ్మ_కూతురు

ఆ సాయంత్రం టైమింగ్ గురించి మా సర్పంచ్‌కి, పీహెచ్‌సీ డాక్టర్‌కి అర్జీ రాద్దామనుకుంటున్నా. క్వార్టర్స్, బండి సంగతి కూడా కలిపి రాస్తా. గ్రేడింగ్‌కి పోయే ఆడవాళ్ల సంతకాలు అమ్మ పెట్టిస్తానంది. ఉదయగిరి అక్కా, రాసినాక ఇక్కడ పెడతా, ఏమన్నా మిస్సయితే చెప్పు.

#24 కావలి_సుబ్బు

రాసి పెట్టమ్మా. ఆఫీసు భాషలోకి నేను మార్చిస్తా, అర్జీలు రాయడంలో మనకు అనుభవం ఉందిలే.